విదేశంలోని అమెరికా సైనిక బేస్‌లో ఉంటూ భార్యకో భర్తకో అమెరికా వీసా తెచ్చుకోవడం ఎలా: ఆర్డర్స్ రాకముందే మొదలుపెట్టండి

జర్మనీలో మేం విల్సెక్‌లో ఉన్నప్పుడు, పక్కింట్లో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒక సాయంత్రం తలుపు తట్టింది. వరంగల్ అమ్మాయి. భర్త అమెరికా ఆర్మీలో సార్జెంటు, మన తెలుగబ్బాయే. "అక్కా, ఈయనకి ఆర్డర్స్ వచ్చేశాయి, అక్టోబరులో టెక్సాస్ వెళ్లాలట. నా వీసా ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. పెళ్లయి ఏడాదిన్నర అయినా అప్పటికి ఒక్క కాగితం కూడా పెట్టలేదు. "డీర్స్‌లో పేరెక్కింది, ఐడీ కార్డు ఇచ్చారు. మిగతాది ఆర్మీవాళ్లే చూసుకుంటారనుకున్నాం" అంది.

ఆర్మీ చూసుకోదు, నేవీ, ఎయిర్‌ఫోర్స్ కూడా అంతే. డీర్స్ అంటే సైనిక కుటుంబాల నమోదు జాబితా. అందులో పేరుంటే ఆస్పత్రి, కమిసరీ (బేస్‌లోని కిరాణా దుకాణం), ఇల్లు దొరుకుతాయి. పాస్‌పోర్టులో సోఫా ముద్ర (అమెరికా సైనికులు, వాళ్ల కుటుంబాలు ఆ దేశంలో ఉండటానికి రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం వేసేది) ఉంటే జర్మనీలోనో జపాన్‌లోనో కొరియాలోనో ఉండనిస్తారు. కానీ అమెరికా గడ్డ మీద కాపురం పెట్టాలంటే ఇమిగ్రెంట్ వీసా కావాలి. దాన్ని చూసేవి రెండు వేరే శాఖలు: యూఎస్‌సీఐఎస్ (అమెరికా పౌరసత్వ, ఇమిగ్రేషన్ సేవల శాఖ), విదేశాంగ శాఖ. మీ యూనిట్ ఎంత మంచిదైనా ఆ దరఖాస్తు మీ తరఫున పెట్టదు. అందుకే నా మాట ఒక్కటే. పెళ్లి సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే పని మొదలుపెట్టండి, తిరుగు ఆర్డర్స్ (అమెరికాకు తిరిగి బదిలీ చేసే ఉత్తర్వులు) కోసం ఎదురుచూడొద్దు.

ముందు తేల్చుకోవాల్సింది: సైన్యంలో ఉన్నవారు సిటిజెనా, గ్రీన్ కార్డా?

అమెరికా పౌరుడి భార్యకో భర్తకో ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. పిటిషన్ ఆమోదం పొందితే క్యూ ఉండదు. సైన్యంలో ఉన్నవారికి ఇంకా గ్రీన్ కార్డే ఉంటే మీరు ఎఫ్2ఏ అనే వరుసలో నిలబడాలి, ఆ వరుస నెలనెలా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. అలాంటప్పుడు వీసా పని కంటే ముందు ఆయన సిటిజెన్‌షిప్ పని చూడండి. సైనికులకు సిటిజెన్‌షిప్ దరఖాస్తు ఎన్-400కు ఫీజు లేదు, విదేశంలో ఉండగానే ప్రమాణం చేసే వీలూ ఉంది. గ్రీన్ కార్డు లేనివారిని కూడా ప్రత్యేక నైపుణ్యాలుంటే సైన్యంలో చేర్చుకున్న మావ్ని పథకం 2016లో ఆగిపోయేలోపు, చదువుకోవడానికి వెళ్లి సైన్యంలో చేరిన మనవాళ్లకు ఈ దారి బాగా తెలుసు. సిటిజెన్ అయిన రోజే ఆ సర్టిఫికెట్ కాపీని మీ కేసుకు పంపితే ఎఫ్2ఏ వరుస నుంచి బయటికొస్తారు.

పిల్లల సంగతి ఇక్కడే చూసుకోండి. సిటిజెన్ భార్యగా మీరు వెళ్లేటప్పుడు మీ మొదటి పెళ్లి పిల్లలు మీ వీసాతో కలిసి రారు. ఒక్కొక్కరికీ విడిగా ఐ-130 (కుటుంబ సభ్యుల కోసం సిటిజెన్ పెట్టే పిటిషన్) పెట్టాలి, ఆ బిడ్డకు 18 నిండకముందే మీ ఇద్దరి పెళ్లి జరిగి ఉండాలి. మీ ఇద్దరికీ విదేశంలో పుట్టిన బిడ్డ విషయం వేరు. సిటిజెన్ తండ్రికో తల్లికో అమెరికాలో కావలసినంత కాలం ఉన్న చరిత్ర ఉంటే ఆ బిడ్డ పుట్టుకతోనే సిటిజెన్. వీసా అక్కర్లేదు, ఎంబసీలో విదేశీ జనన నివేదిక తీసుకుని పాస్‌పోర్టుకు పెడితే చాలు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి: ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటున్నారు

మామూలు దారి ఏమిటంటే సిటిజెన్ ఐ-130 పెడతారు, మీ వివరాలతో ఐ-130ఏ జతచేస్తారు. 2024 ఏప్రిల్ నుంచి దీని ఫీజు ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. అది ఆమోదమయ్యాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది, అక్కడ వీసా ఫీజు 325, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120 కట్టి, కాగితాలన్నీ అప్‌లోడ్ చేసి, ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురుచూడాలి.

సైనిక కుటుంబాలకు ఇంకో దారి ఉంది. శాశ్వత ఆర్డర్స్ మీద విదేశీ సైనిక స్థావరంలో పనిచేస్తున్న సిటిజెన్ తన ఐ-130ని ఆ దేశంలోని అమెరికా ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో నేరుగా ఇవ్వొచ్చు. దీనికి యూఎస్‌సీఐఎస్ ముందుగానే మొత్తంగా అనుమతి ఇచ్చి ఉంచింది, కాబట్టి ప్రత్యేకమైన ఇబ్బంది ఏదో ఉందని మీరు రుజువు చేయాల్సిన పని లేదు. అక్కడి అధికారే పిటిషన్ చూస్తారు, అక్కడే వీసా ఇంటర్వ్యూ జరుగుతుంది, మధ్యలో నేషనల్ వీసా సెంటర్ ఉండదు. రామ్‌స్టైన్, గ్రాఫెన్‌వోర్, విల్సెక్ వాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ కాన్సులేట్, కొరియాలో క్యాంప్ హంఫ్రీస్ వాళ్లకు సియోల్ ఎంబసీ, జపాన్‌లో యోకోసుకా వాళ్లకు టోక్యో ఎంబసీ.

ఇది అందరికీ వర్తించదు. తాత్కాలిక డ్యూటీ మీద వెళ్లినవారికి లేదు. ఎంబసీలోనో అంతర్జాతీయ సంస్థలోనో పోస్టింగ్ ఉన్న సైనికులు కూడా ఈ మొత్తం అనుమతి కిందకి రారు. వాళ్లు తమ పరిస్థితి అసాధారణమని చూపి అడగాలి. హఠాత్తుగా అమెరికాకు బదిలీ కావడం, వైద్యపరమైన అత్యవసరం, ప్రాణభయం లాంటివి ఆ కోవలోకి వస్తాయి.

మాకు ఈ సంగతి తెలియక ఏం జరిగిందో చెప్తాను. మేం సలహాకని వెళ్లిన ఒక ఆఫీసులో "ఆన్‌లైన్‌లో పెట్టేయండి, అందరూ అదే చేస్తారు" అన్నారు. సరే అని ఆ రాత్రే ఫీజు కట్టేశాం. నెల తర్వాత కాన్సులేట్ దారి ఉందని తెలిసి అడిగితే, ఇప్పటికే పెట్టిన కేసును తొందరగా చూడమని యూఎస్‌సీఐఎస్‌నే అడుక్కోండి అన్నారు. మా ఆయన డిప్లాయ్‌మెంట్ (డ్యూటీ మీద వేరే చోటికి పంపడం) కాగితాలు పెట్టి తొందరపరచమని అడిగి, ఆ జవాబు కోసం రోజుకు పదిసార్లు ఈమెయిల్ తెరుస్తూ గడిపాం. అందుకే చెప్తున్నాను, ఆన్‌లైన్‌లో బటన్ నొక్కేముందు మీ కాన్సులేట్ ఇమిగ్రెంట్ వీసా విభాగానికి ఒక ఈమెయిల్ రాయండి. బేస్ పేరు, ఆర్డర్స్ రకం, తిరుగు తేదీ, మీ పౌరసత్వం, మీరు ఆ దేశంలో ఏ హోదాలో ఉన్నారో అందులో ఉంటే చాలు.

ఒకవేళ మీరు ఇంకా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పుట్టింట్లో ఉండి, ఆయన ఒక్కరే బేస్‌లో ఉంటే, హైదరాబాద్ కాన్సులేట్‌ను నమ్ముకోవద్దు. ఇమిగ్రెంట్ వీసాల పని అక్కడ జరగదు, మనవాళ్లు ముంబయి వెళ్లాలి. మీరు ఆయన దగ్గరికి వెళ్లి సోఫా హోదాతో నిజంగా అక్కడ కాపురం ఉంటే, ఆ దేశంలోనే ఇంటర్వ్యూ ఇవ్వడం తేలిక.

కాగితాలు: మన తెలుగువాళ్లకు చిక్కంతా పేరు దగ్గరే

ఈ భాగం మాత్రం ఓపిగ్గా చదవండి. ఒకే మనిషికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో ఆఖర్న, పెళ్లి సర్టిఫికెట్లో అసలు లేకుండా ఉండటం మన ఇళ్లలో మామూలు. మనకు అందులో తప్పేమీ కనపడదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూర్చున్న అధికారికి మాత్రం నలుగురు మనుషులు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకో తంటా: వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని, అంటే పేరు తెలియదు అని పడుతుంది. తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, డీర్స్ అన్నిచోట్లా అదే వెంటాడుతుంది.

కాబట్టి పిటిషన్ పెట్టేముందే పాస్‌పోర్టును సరిచేయించుకోండి, విదేశంలో ఉంటే భారత కాన్సులేట్‌లో తిరగరాయించుకోవచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే ప్రతి ఫారంలో రాయండి. మిగతా రూపాలన్నీ "వాడిన ఇతర పేర్లు" అన్న గడిలో ఒక్కటి వదలకుండా రాయండి.

పెళ్లి సర్టిఫికెట్ అంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చినదే. గుడిలో ఇచ్చిన రశీదు, కల్యాణ మండపం బిల్లు, శుభలేఖ ఇవేవీ దాని బదులు పనికిరావు, తోడు సాక్ష్యాలుగా మాత్రం బాగా పనికొస్తాయి. సెలవు మీద పది రోజులకొచ్చి పెళ్లి చేసుకుని వెళ్లిపోయే సైనికుడైతే, తలంబ్రాల మర్నాడే రిజిస్ట్రేషన్‌కు వెళ్లేట్టు ముందుగా మాట్లాడి పెట్టుకోండి. ఇద్దరూ ఉండాల్సిన పని అది, ఆయన విమానం ఎక్కాక దాన్ని జరిపించడం మహా కష్టం.

బర్త్ సర్టిఫికెట్ మున్సిపాలిటీదో పంచాయతీదో ఉండాలి. రికార్డులో పుట్టుక ఎక్కలేదంటే, దొరకలేదని అదే ఆఫీసు ఇచ్చే పత్రం, దానికి తోడు మీ పుట్టుక స్వయంగా తెలిసిన పెద్దవాళ్ల అఫిడవిట్లు కావాలి. మీ పేరు లేకుండా "ఆడ శిశువు" అని మాత్రమే ఉన్న సర్టిఫికెట్ అయితే పేరు ఎక్కించుకున్నాకే పంపండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, దాని కింద అనువదించినవారు రెండు భాషలూ తనకు వచ్చునని, అనువాదం సరైనదని రాసి సంతకం చేసిన వాక్యం ఉండాలి.

పోలీస్ క్లియరెన్స్ 16 ఏళ్లు నిండినవారందరికీ కావాలి. ఇండియాది పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో గానీ, విదేశంలో ఉంటే భారత కాన్సులేట్ ద్వారా గానీ వస్తుంది. ఇప్పుడున్న దేశంలో ఆరు నెలలు దాటితే అక్కడిదీ తేవాలి. జర్మనీలో దాన్ని ఇచ్చేది బాన్ నగరంలోని ఫెడరల్ న్యాయ కార్యాలయం. బేస్ లోపలే ఉంటున్నాం కదా, మాకెందుకు అని మానేయకండి.

కాపురం నిజమైనదని చూపే సాక్ష్యాల విషయంలో సైనిక కుటుంబాల దగ్గర మంచి కాగితాలుంటాయి, చాలామంది వాటిని వాడుకోరు. డీర్స్ నమోదు కాపీ, మీ పేరున్న ఆర్డర్స్, కమాండ్ స్పాన్సర్‌షిప్ (కుటుంబం పోస్టింగ్‌లో కలిసి ఉండటానికి సైన్యం ఇచ్చే అనుమతి) మంజూరు లేఖ, ఆయన సైనిక బీమాలో మీరు నామినీగా ఉన్న పేజీ, బేస్ హౌసింగ్ ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా. మా వంటింటి బల్ల మీద ఇవన్నీ పరిచి, ఒక్కోదాని మూలన పెన్సిల్‌తో తేదీ వేసి, పెళ్లిరోజు నుంచి వరసగా పేర్చాను. పెళ్లి ఫొటోలు పన్నెండే పెట్టాను, ఒక్కోదాని వెనక ఎవరెవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాశాను. జీలకర్రబెల్లం ఫొటో వెనక అదేమిటో రెండు ముక్కల్లో ఇంగ్లిష్‌లో రాశాను. చూసేవారికి మన పెళ్లి తెలియకపోవచ్చు కదా.

జీతం కాగితాలు, ఇల్లెక్కడో

పోషణ హామీ పత్రం ఐ-864లో సైనికులకు ఒక ఊరట ఉంది. మామూలు పౌరులు పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపాలి. యాక్టివ్ డ్యూటీలో ఉండి భార్యకో భర్తకో పిల్లలకో స్పాన్సర్ చేసేవారికి 100 శాతం చాలు. 2025 లెక్కల్లో ఇద్దరున్న కుటుంబానికి అది 21,150 డాలర్లు. కొత్తగా చేరి ప్రైవేట్ అనే అట్టడుగు ర్యాంకులో ఉన్న సైనికుడు కూడా జీతం చాలదని భయపడి మామయ్యనో స్నేహితుడినో ఉమ్మడి స్పాన్సర్‌గా అడిగేముందు ఈ లెక్క చూసుకోవాలి. ఎల్‌ఈఎస్ స్లిప్పులు (సైనికుల జీతం స్లిప్పులు), యాక్టివ్ డ్యూటీ అని యూనిట్ ఇచ్చే ధ్రువీకరణ, పన్ను రిటర్న్ జతచేయండి. యాక్టివ్ డ్యూటీ సైనికుల కోసం ఉన్న గడిని టిక్ చేయడం మరిచిపోవద్దు.

"మేం జర్మనీలో ఉంటున్నాం, అమెరికాలో ఇల్లు లేదు, స్పాన్సర్ అమెరికా నివాసి అయి ఉండాలట" అని చాలామంది కంగారుపడతారు. ప్రభుత్వ ఉద్యోగం మీద తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన నివాసం పోదు. ఆర్డర్స్ కాపీతో పాటు ఎల్‌ఈఎస్‌లో కనిపించే సొంత రాష్ట్రం, ఓటరు నమోదు, లైసెన్సు చూపండి.

చిరునామా గురించి కూడా ఒక మాట. ఏపీవో అడ్రసుకు (విదేశీ బేస్‌లకు సైన్యం నడిపే తపాలా చిరునామా) అమెరికా తపాలా మాత్రమే వస్తుంది, ప్రైవేటు కొరియర్లు రావు. నా పాస్‌పోర్టు ప్యాకెట్ ఒకటి అలాగే వెనక్కి తిరిగిపోయి, తొమ్మిది రోజులు ఎక్కడుందో తెలియక నాకు అన్నం సయించలేదు. కొరియర్‌లో వచ్చేవాటికి బేస్ బయటి అసలు వీధి చిరునామా ఇవ్వండి. గ్రీన్ కార్డుకు అమెరికాలో నమ్మకమైన చుట్టాలది ఇవ్వండి.

మెడికల్, ఇంటర్వ్యూ

వైద్య పరీక్ష ఎంబసీ నియమించిన ప్యానెల్ డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. బేస్ ఆస్పత్రిలో చేయించుకున్నది చెల్లదు, కానీ అక్కడ వేయించుకున్న టీకాల రికార్డు ప్రింటు తీసుకెళ్తే మళ్లీ సూదులు తప్పుతాయి. ఇంటర్వ్యూకి వెళ్లాల్సింది మీరు. ఆయన డిప్లాయ్‌మెంట్‌లో ఉన్నారని వాయిదా వేసుకోవద్దు. వెళ్లేముందే ఆయన చేత సంతకాలన్నీ పెట్టించుకోండి, ఎందుకంటే పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా ఆయన బదులు ఐ-130 మీద మీరు సంతకం పెడితే ఒప్పుకోరు. బేస్‌లో జాగ్ (సైన్యం న్యాయ విభాగం) లీగల్ అసిస్టెన్స్ ఆఫీసులో నోటరీ, పవర్ ఆఫ్ అటార్నీ ఉచితం. ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్ ఆరోజు ఉంటారా అని ముందే ఫోన్ చేసి అడగండి.

తిరుగు ఆర్డర్స్ దగ్గరపడి వీసా రాకపోతే టూరిస్టు వీసా మీద వెళ్లిపోదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. కాపురానికి వెళ్తూ చూడ్డానికని చెబితే, ఆ మాట మోసంగా లెక్కకొస్తే, శాశ్వతంగా గుమ్మం మూసుకుపోవచ్చు. ఆయన ముందు వెళ్లి, మీరు రెండు నెలలు పుట్టింట్లో ఉండి రావడం బాధే, కానీ అది తీరే బాధ. వరంగల్ అమ్మాయి అదే చేసింది.

అమెరికాలో ఎప్పుడు అడుగుపెట్టాలి

వీసా సాధారణంగా ఆరు నెలల వరకే చెల్లుతుంది. అడుగుపెట్టిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డు వస్తుంది, నిండితే పదేళ్లది. వీసాలో సీఆర్1 (రెండేళ్ల కార్డు) అని ఉందా ఐఆర్1 (పదేళ్ల కార్డు) అని ఉందా చూడండి. రెండేళ్లకు మూడు వారాలే తక్కువైతే, ఆర్డర్స్ ఒప్పుకుంటే, టికెట్ మూడు వారాలు జరపండి. దిగినప్పుడు అధికారికి ఆ తేదీ గుర్తుచేయండి. బయల్దేరేముందు 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టండి, లేకపోతే కార్డు ముద్రించరు. ముద్ర పడిన వీసా పేజీ ఏడాదిపాటు గ్రీన్ కార్డులాగే చెల్లుతుంది, కాబట్టి దాని ఫొటో తీసి ఉంచుకోండి.

గ్రీన్ కార్డు వచ్చాక మళ్లీ బేస్‌కే తిరిగివస్తే

మామూలుగా గ్రీన్ కార్డు ఉండి ఏళ్లతరబడి బయట ఉంటే నివాసం వదులుకున్నారంటారు. సైనికుడితో పాటు ఉండటానికి అధికారిక ఆర్డర్స్ అనుమతిస్తే, ఆయనతోనే కాపురం ఉంటే, ఆ కాలం అలా లెక్కకు రాదు. మీ పేరు ఆర్డర్స్‌లో ఉండటం ఎంత అవసరమో ఇక్కడ తెలుస్తుంది. పోస్టింగ్‌కు వచ్చాక పెళ్లయితే ఆర్డర్స్ సవరణ, కమాండ్ స్పాన్సర్‌షిప్ అడిగి వేయించుకోండి.

రెండేళ్ల కార్డు అయితే గడువుకు ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి షరతులు తీసేయమని అడిగే ఐ-751 ఫారం పెట్టాలి. విదేశంలో ఆర్డర్స్ మీద ఉన్నవారు దానికి పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఎఫ్‌డీ-258 కార్డుల మీద వేలిముద్రలు, ఆర్డర్స్ కాపీ జతచేసి, ఫారం పైన యాక్టివ్ మిలిటరీ అని రాయాలి.

సిటిజెన్‌షిప్‌కు రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి, విదేశంలో ఆయనతో ఆర్డర్స్ మీద గడిపిన కాలం అమెరికాలో గడిపినట్టే లెక్క. ఇంటర్వ్యూ, ప్రమాణం కూడా అక్కడే చేయొచ్చు. రెండోది, ఆయనకు ఇంకా కనీసం ఏడాది విదేశీ పోస్టింగ్ ఉంటే, గ్రీన్ కార్డు వచ్చాక మూడేళ్లు ఆగకుండానే ఎన్-400 పెట్టొచ్చు. దీనికి ఆయన విదేశీ పోస్టింగ్‌ను ధ్రువీకరించే డీడీ-1278 అనే ఫారం యూనిట్ నుంచి తెచ్చుకోవాలి.

అమ్మకు కూడా ఫోన్లో చెప్పుకోలేనివి

సైనికుడైన భర్త కొడుతున్నా, వీసా ఆపేస్తానని బెదిరిస్తున్నా, మీ చేతుల్లో ఏమీ లేదనుకోకండి. హింసించిన సిటిజెన్ అమెరికా సాయుధ దళాల్లో ఉంటే, మీరు విదేశంలో ఉండి కూడా ఐ-360 అనే ఫారంతో మీ పిటిషన్ మీరే పెట్టుకోవచ్చు. ఆయన సంతకం అక్కర్లేదు, ఆయనకు చెప్పరు కూడా. ఇంట్లో హింస ఎదురైనవారికి సాయపడే, బేస్‌లోని ఫ్యామిలీ అడ్వొకసీ విభాగం వాళ్లను కలవండి.

ఆయన పోతే కూడా దారి మూసుకుపోదు. పెట్టి ఉన్న ఐ-130 దానంతటదే ఐ-360గా మారుతుంది. అప్పటికి పెట్టకపోతే, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, ఆయన పోయిన రెండేళ్లలోపు మీరే పెట్టుకోవచ్చు. తెల్లచీర కట్టుకుని కూర్చున్న మనిషికి ఫారాల మాట ఎవరూ చెప్పరు. ఆ ఇంట్లో మీరు చుట్టమో స్నేహితురాలో అయితే, పన్నెండు రోజులూ అయ్యాక ఆ రెండేళ్ల గడువు తేదీని కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టండి. యూఎస్‌సీఐఎస్ సైనిక కుటుంబాల కోసం నడిపే సహాయ నంబరు 877-247-4645, అది కూడా ఆ కాగితం మీద రాయండి.